బిర్యానీ మీద ఆమ్లెట్

మా బస్ స్టాపుకీ ఇంటికీ మధ్య ఒక ఇండియన్ రెస్టారెంట్ ఉంది. 2014లో ఇంగ్లండ్‌లోని స్విండన్ వచ్చి ఈ ఇంట్లో దిగాం. దిగిన నెలలోనే ఒకసారి ఆ తలుపు తోసుకుని వెళ్ళాం, తిన్నాం, బయటికొచ్చాం. ఆ తర్వాత దాదాపు తొమ్మిదేళ్ళు నేను మళ్ళీ అటు తొంగి చూడలేదు. హాస్పిటల్ ఫార్మసీలో లేట్ షిఫ్ట్ ముగించుకుని రాత్రి తొమ్మిదిన్నరకి బస్ దిగేసరికి, వేగుతున్న ఉల్లిపాయ వాసన రోడ్డు దాకా వచ్చి పలకరించేది. కడుపు కాలిపోతున్నా సరే, తల దించుకుని ఇంటికెళ్ళి పెరుగన్నం తినేదాన్ని. అంత పంతం.

పంతానికి కారణం బిర్యానీ.

మెనూలో ‘హైదరాబాదీ బిర్యానీ’ అని ఉంది. మా ఆయన పుట్టి పెరిగింది మలక్‌పేటలో. ఊరొదిలి ఎక్కువ రోజులు కాలేదేమో, ఆ మాట చూడగానే మొహం వెలిగిపోయింది. తీరా వచ్చిందేమిటంటే, కోలగా ఉన్న స్టీల్ పళ్ళెంలో పసుపచ్చ అన్నం, విడిగా వండి అందులో కలిపిన చికెన్ ముక్కలు, దాని మీద పల్చటి ఆమ్లెట్, ఆమ్లెట్ మీద రెండు టమాటా చక్రాలు. పక్కన చిన్న గిన్నెలో కూరగాయల గ్రేవీ. మా ఆయన ఫోర్కుతో ఆమ్లెట్ అంచు పట్టుకుని మెల్లగా ఎత్తాడు, దుప్పటి తీసి కింద ఎవరు పడుకున్నారో చూసినట్టు. దమ్ము లేదు, అడుగున మసాలా లేదు, మిర్చీ కా సాలన్ ఊసే లేదు. “దీని మీద కేసు వెయ్యొచ్చా?” అన్నాడు.

నేను చెప్పుకున్నది విందాలూ. మనకి కారం ఓ లెక్కా అనుకున్నాను. కారమైతే ఉంది. కానీ ఎండు కారప్పొడి నోట్లో పోసుకున్నట్టు నాలుక మీద మంట, దాని వెనకాల ఏమీ లేదు. పైగా అందులో బంగాళాదుంప. ఆ దుంప సంగతి తర్వాత తెలిసింది. పోర్చుగీసు వాళ్ళు గోవాకి తెచ్చిన వంటకం అది. వైను, వెల్లుల్లి అని అర్థం వచ్చే వాళ్ళ మాట మన నోళ్ళలో పడి విందాలూ అయింది. ఆ చివరి ‘ఆలూ’ వినపడి ఇక్కడెవరో దుంప వేసేశారు. వినికిడి లోపంతో పుట్టిన కూర.

ఆ రోజు పక్క టేబుల్ మీద నలుగురు కుర్రాళ్ళు ఒకడి చేత ఫాల్ తినిపిస్తున్నారు. ఇక్కడి మెనూలో కారానికి మెట్లుంటాయి. కింద కుర్మా, పైన మద్రాస్, ఆ పైన విందాలూ, అన్నిటికీ పైన ఫాల్. మద్రాసులో నలభై ఏళ్ళున్న మా పిన్నికి ‘మద్రాస్ కర్రీ’ అంటే ఏమిటో తెలియదు. ఆ కుర్రాడు మాత్రం చెమటలు కక్కుతూ, ఏడుస్తూ, నవ్వుతూ గిన్నె ఖాళీ చేశాడు. మిగతా వాళ్ళు చప్పట్లు. అప్పుడే నిర్ణయించుకున్నాను, ఇది మన తిండి కాదు, మన చోటు కాదు అని.

2023 జూలైలో మా నాన్నగారు వచ్చారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, రాలేనంది. నాన్నగారిది ఆకివీడు, చేపల చెరువులు. డెబ్భై దాటినా పొద్దున్నే లేచి గట్టు మీద నడవాల్సిందే. ఇక్కడ గట్టు లేదు కాబట్టి రాత్రిపూట నన్ను తీసుకెళ్ళడానికి బస్ స్టాపుకి వచ్చేవారు, జూలైలో మంకీ క్యాప్ పెట్టుకుని. మేం ఉప్పూకారం లేని చేపముక్క పెడితే “పేషెంటు తిండి” అని పక్కకి నెట్టేవారు.

ఒక మంగళవారం బస్ దిగేసరికి కుండపోత. గొడుగు తిరగబడి ఊచలు విరిగాయి. ఇద్దరం పరిగెత్తి పరిగెత్తి నిలబడ్డది ఎక్కడయ్యా అంటే ఆ రెస్టారెంట్ చూరు కింద. లోపల ఒక్క కస్టమర్ లేడు. తెల్ల గడ్డం పెద్దాయన తలుపు తీసి, “ఆయియే భాయ్ సాబ్, భీగ్ గయే” అన్నాడు. నాన్నగారు నా వైపు చూడను కూడా చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు.

నాన్నగారి హిందీ వయసులో ఉండగా ఐసు పెట్టెల లారీలతో హౌరా మార్కెట్‌కి వెళ్ళి నేర్చుకున్న హిందీ. అందులో సగం బెంగాలీ, సగం బేరం. మా వైపు చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి ఏళ్ళ తరబడి బెంగాల్‌కే వెళ్తున్నాయి. అప్పడాలు వచ్చాయి, వాటితో నాలుగు గిన్నెల ట్రే, మామిడి చట్నీ, ఉల్లిపాయ తరుగు, పుదీనా పెరుగు, నిమ్మకాయ పచ్చడి. మామిడి చట్నీ జామ్‌లా తియ్యగా ఉంటుంది. నాన్నగారు వేలితో నాకి, “పాపం, ఆవకాయ పెట్టడం రాదేమో” అన్నారు, తెలుగులోనే లెండి. తర్వాత మెనూ మూసేసి పెద్దాయన్ని సూటిగా అడిగారు: “రుయి హై?”

రుయి అంటే శీలావతి. పెద్దాయన నీళ్ళ జగ్గు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఈ టేబుళ్ళ మధ్య ఎన్నేళ్ళుగా తిరుగుతున్నాడో, ఆ మాట ఎవరూ అడిగి ఉండరు. “మెనూలో లేదు,” అన్నాడు కాసేపటికి, “మా గిన్నెలో ఉంది.”

వంటవాళ్ళూ వెయిటర్లూ అమ్మకం అయ్యాక తినే కూర వేరే ఉంటుంది, స్టాఫ్ కర్రీ అంటారు. కస్టమర్ల కుర్మాలూ మద్రాసులూ వాళ్ళు ముట్టుకోరు. ఆ రాత్రి స్టాఫ్ కర్రీ ఒక గిన్నెలో మా ముందుకొచ్చింది. మన పులుసు కన్నా పల్చన, పైన కొత్తిమీర, అడుగున రెండు చేప ముక్కలు, వాటి మధ్య గోరంత మందం తొక్క ముక్కలేవో తేలుతున్నాయి. నాన్నగారు ఫోర్కు పక్కన పెట్టి చెయ్యి కడుక్కొచ్చారు. ముందు చేప వెన్నుముల్లు వేళ్ళతో తడిమి “మూడు కేజీల పైమాటే, ముదురు చేప, ఐసులో చాన్నాళ్ళుంది” అని తీర్పు ఇచ్చారు. తర్వాత ఆ తొక్క ముక్క నోట్లో వేసుకుని ఆగారు. ముందు చేదు, తర్వాత పులుపు, ఆఖర్న ముక్కులోకి ఎక్కే వాసన.

“అమ్మా, దబ్బకాయే ఇది! తొక్కతో సహా వేశాడు.”

షాత్కొరా అన్నాడు పెద్దాయన. బంగ్లాదేశ్‌లో, వాళ్ళ సిల్హెట్ వైపు కాసే పుల్లటి కాయ, నిమ్మజాతిది. లోపలి గుజ్జు పారేసి, దళసరి తొక్కే కూరలో వేస్తారట. దబ్బకాయ పులిహోర తిని పెరిగిన నాలుకకి అది కొత్తదనిపించదు. చేపల పులుసులో వెయ్యాలని మాత్రం మనకెవరికీ తట్టలేదు.

ఇక ఆయన కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వానాకాలంలో సిల్హెట్ చుట్టూ పొలాలన్నీ మునిగి సముద్రంలా అవుతాయట, హావొర్ అంటారు. నాన్నగారు కొల్లేరు సంగతి చెప్పారు. ఇద్దరూ నీళ్ళ మధ్య పెరిగిన వాళ్ళే. నేను మధ్యలో అనువాదం చెయ్యబోతే ఇద్దరూ చెయ్యి అడ్డం పెట్టారు.

పెద్దాయన తాత స్టీమర్ బాయిలర్‌కి బొగ్గు వేసే పనిలో చేరి లండన్ రేవులో దిగిపోయాడట. అలా ఓడ దిగిపోయిన సిల్హెట్ వాళ్ళే ముందు చిన్న చిన్న కాఫీ హోటళ్ళు, తర్వాత రెస్టారెంట్లు పెట్టారు. ఇవాళ్టికీ ఇక్కడి వీధుల్లో ఇండియన్ అని బోర్డున్న చోట్ల లోపల వండేది చాలావరకు వాళ్ళే. “బంగ్లాదేశ్ వాళ్ళు కదా, ఇండియన్ అని ఎందుకు రాసుకున్నారు?” అని నేను తొమ్మిదేళ్ళుగా దాచుకున్న ప్రశ్న అడిగేశాను. ఆయన నవ్వాడు. “మా తాత దిగిన రోజుకి బంగ్లాదేశ్ ఎక్కడిది మా? పాకిస్తానే లేదు.” నిజమే. సిల్హెట్ అప్పుడు అస్సాంలో ఒక జిల్లా. 1947 జూలైలో ఓటింగ్ పెట్టి, చాలా భాగాన్ని తూర్పు పాకిస్తాన్‌లో కలిపారు. ఆయన నన్ను ‘మా’ అని పిలవడం ఆ రోజే మొదలు. మనం ‘అమ్మా’ అన్నట్టే, బెంగాలీలో పెద్దవాళ్ళు కూతురి వయసు ఆడపిల్లల్ని అలా పిలుస్తారు. నేను చాచా అంటాను.

ఆ తర్వాత వారం నాన్నగారి పోరు పడలేక చాచా మమ్మల్ని వంటగది తలుపు దాకా రానిచ్చాడు. ఆర్డర్ చెప్పిన పది నిమిషాల్లో ఏ కూరైనా ఎలా వస్తుందన్నది నాన్నగారి అనుమానం. ఒక మూల మన పెళ్ళిళ్ళ గుండిగంత పెద్ద గిన్నె. అందులో ఉల్లిపాయలే ఉల్లిపాయలు, కాస్త క్యారెట్, క్యాబేజీ, కొత్తిమీర కాడలు, గంటల కొద్దీ ఉడికించి మెత్తగా రుబ్బిన పల్చటి గ్రేవీ. చికెన్ ముందే పసుపు వేసి ఉడికించి పెట్టుంటుంది. ఆర్డర్ రాగానే పల్చటి అల్యూమినియం పెనంలో నూనె, అల్లం వెల్లుల్లి, ఒక చెంచా మసాలా పొడి, టమాటా గుజ్జు, ఆ మీద గరిటెడు గ్రేవీ. మంట ఎగిరి పెనంలోకి దిగుతుంది, అంచుల్లో గ్రేవీ గోధుమరంగుకి తిరిగి అంటుకుంటుంది, దాన్ని గీకి కలుపుతాడు. మళ్ళీ గరిటెడు, మళ్ళీ గీకుడు. వాసనంతా ఆ గీకుడులో ఉంది. క్రీమూ కొబ్బరీ వేస్తే కుర్మా, కారం గుప్పిస్తే మద్రాస్, పప్పూ అనాసపండూ పడితే ధన్‌సాక్. పార్సీల ధన్‌సాక్‌లో అనాసపండు ఉండదు, అదీ ఇక్కడ పుట్టిందే.

నేను ఫార్మసీలో ఇదే పని చేశాను, ఆయింట్‌మెంట్ బేస్ ఒకటే, కలిపే మందు వేరు. ఎంత మందు, ఎప్పుడు, ఎంతసేపు కలపాలి అన్నది చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఇన్నాళ్ళూ ‘అన్నీ ఒకే గ్రేవీ’ అని తీసిపారేసిన దాన్ని, ఆ వంటాయన మణికట్టు చూశాక నోరెత్తలేదు.

మా ఆయన దారికి రావడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. మధ్యలో చదివి చదివి నాకు పాఠాలు చెప్పేవాడు. లండన్‌లో మొదటి ఇండియన్ రెస్టారెంట్ పెట్టింది పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ అట, 1810లో. రెండేళ్ళకే దివాలా. జార్జ్ స్ట్రీట్‌లో గోడకి ఆకుపచ్చ ఫలకం ఉంటే నన్ను తీసుకెళ్ళి దాని కింద నిలబెట్టి ఫొటో తీశాడు, చలికి పళ్ళు కొట్టుకుంటుంటే. చికెన్ టిక్కా మసాలా అసలైన బ్రిటిష్ జాతీయ వంటకం అని 2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ ప్రసంగంలో అన్నదీ ఆయనే చెప్పాడు. ఒక రోజు చాచా బల్ల మీద కోబ్రా బీరు పెడితే, ఆ కంపెనీ పెట్టిన కరణ్ బిలిమోరియా పుట్టింది హైదరాబాద్‌లో అని తెలిసింది. కూరతో తాగితే కడుపు ఉబ్బకుండా గ్యాస్ తగ్గించి చేసిన బీరు. “చూశావా, మా ఊరి నుంచి ఇక్కడికి ఏదో ఒకటి సరిగ్గానే వచ్చింది” అన్నాడు. ఆ కంపెనీ మొదలయింది 1989లో ఇంగ్లండ్‌లో, బీరు మొదట తయారయింది బెంగుళూరులో. ఆ ముక్క నేను చెప్పలేదు.

ఇప్పుడు పదిహేను రోజులకోసారి మంగళవారం వెళ్తాం. నాకు జల్‌ఫ్రేజీ, నాన్. బిర్యానీ నేనింకా తినను. మా ఆయన తింటాడు. బిర్యానీ అనుకోకుండా తింటే బాగుందంటాడు. మొన్నామధ్య కొత్త కుర్రాడెవరో ఆమ్లెట్ వెయ్యడం మర్చిపోతే, ఈ మలక్‌పేట మనిషి ప్లేటు వెనక్కి జరిపి, “ఆమ్లెట్ ఏదీ?” అన్నాడు. నేను టేబుల్ కింద కాలితో తన్నాను.

నాన్నగారు ఆకివీడు వెళ్ళాక దబ్బకాయ తొక్క కోసి చేపల పులుసులో వేశారట. అమ్మ ఫోన్‌లో నా మీద విరుచుకుపడింది: “చేపల్లో దబ్బకాయేంటే? అక్కడ ఆయనకేం నేర్పి పంపారు?” అని.

ఆ మంగళవారం చాచా అడిగాడు, భాయ్ సాబ్ వండారా అని.

“వండారు చాచా. అమ్మ గిన్నె ముట్టుకోలేదు.”

ఆయన పగలబడి నవ్వి లోపలికి వెళ్ళి, ఆ మాట వంటవాళ్ళకి సిల్హెటీలో చెప్పాడు. లోపల్నించి ఇంకో నవ్వు వినపడింది.