లేని వంతెనకు వెయ్యి రూపాయలు

శ్రీలంకలో కితుల్‌గల దగ్గర ఓ ఇంగ్లీషు సినిమా కోసం కట్టిన వంతెన చూడ్డానికి, అక్కడ వంతెన లేదని తెలిసే వెళ్లాను. 1957 మార్చిలోనే షూటింగులో పేల్చేశారు కదా! అయినా రోడ్డు పక్కన బోర్డు దగ్గర కాచుకుని ఉన్న గైడు కుర్రాడు "రెండు వేలు" అనేసరికి ఒళ్లు మండింది. బేరమాడి వెయ్యికి దింపాను. శ్రీలంక రూపాయలే, మన డబ్బుల్లో మూడొందల లోపే. కానీ తిరుపతి మనిషిని. దర్శనానికి డబ్బు పెట్టడం అలవాటే గానీ, గర్భగుడి ఖాళీగా ఉందని ముందే చెప్పి మరీ టికెట్టు అమ్మేవాళ్లను ఎక్కడా చూడలేదు.

కొలంబో పేటలో హట్టన్ వెళ్లే ఎర్ర బస్సు ఎక్కితే అవిస్సావేల్ల దాటాక కితుల్‌గల వస్తుంది. బస్సు మన అశోక్ లేలాండే, కుదుపులు కూడా మనవే. కితుల్ అంటే ఏజెన్సీలో కల్లు తీసే జీలుగు చెట్టే. ఇక్కడ దాని పాకం గేదె పెరుగు మీద పోసి ఇస్తారు. ఈ ప్రయాణంలో ధర గురించి నేను సణగనిది ఆ ఒక్కదానికే.

దర్శకుడు డేవిడ్ లీన్ 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై' తీసింది ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లకు చిక్కిన బ్రిటిష్ ఖైదీలు వాళ్ల కోసం రైలు వంతెన కట్టే కథ. కథ జరిగేది థాయిలాండ్‌లో, తీసింది అప్పటి సిలోన్‌లో, కెలణి నది ఒడ్డున. నేను మొదట చూసింది మా నాన్న పక్కన కూర్చుని, రాత్రి పూట టీవీలో. ఖైదీలు ఈలలు వేసుకుంటూ క్యాంపులోకి నడిచొచ్చే సీను రాగానే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. ఆ ట్యూను 1914 నాటి సైనిక మార్చ్. యుద్ధకాలంలో సైనికులు దానికి హిట్లర్ మీద పచ్చి బూతులు కట్టి పాడుకునేవారు. అవి తెర మీద కుదరవు కాబట్టి సినిమాలో ఈలతో సరిపెట్టారు. నాన్నకు ఇది తెలిసి ఉంటే ఆ ఈల మా చెల్లికి నేర్పేవాడు కాదు.

మెట్లు దిగి, జారుడు దారిలో, జలగల్ని దులుపుకుంటూ నది దగ్గరికి వెళ్లాం. గైడు బండ మీద కాంక్రీటు దిమ్మలు చూపించాడు. నాచు పట్టి, మధ్యలో గుంటలో వాన నీళ్లు, ఆ నీళ్లలో ఓ బిస్కెట్ కవరు. "ఇదే సార్ వంతెన" అన్నాడు. సినిమా చూశావా అంటే, ఫోన్లో చివరి పది నిమిషాలు చూశాడట. పేలుడు మాత్రం చేతులూపుతూ, నోటితో చప్పుళ్లు చేస్తూ బ్రహ్మాండంగా చేసి చూపించాడు. వెయ్యిలో సగం దానికే అనుకున్నాను.

వాడు చెప్పనిది ఇంకా బావుంటుంది. ఆ వంతెన బొమ్మది కాదు. చెట్లు కొట్టి తెచ్చిన దుంగలతో 400 అడుగులకు పైగా పొడవున, 90 అడుగుల ఎత్తున నిజంగానే కట్టారు. రెండున్నర లక్షల డాలర్లు అయిందని నిర్మాత శామ్ స్పీగెల్ ఊరంతా చెప్పుకున్నాడు. నిర్మాత చెప్పే లెక్క ఏ దేశంలోనైనా ఒకటే. పేల్చేది ఒక్కసారే, రెండో టేకు లేదు. ప్రధాని బండారనాయకే కూడా చూడటానికి వచ్చాడు. కెమెరామెన్ అందరూ షెల్టర్‌లోకి వెళ్లాక తలా ఒక స్విచ్ నొక్కాలి, అన్ని లైట్లూ వెలిగితేనే పేల్చాలి. రైలు బయల్దేరింది. ఒక లైటు వెలగలేదు. ఒకడు స్విచ్ నొక్కడం మర్చిపోయాడు. మనిషి ప్రాణం సంగతి కాబట్టి లీన్ పేలుడు ఆపించాడు. డ్రైవర్ లేని రైలు మాత్రం ఆగదు కదా, వంతెన దాటేసి అవతల ఉన్న జనరేటర్‌కి గుద్దుకుంది. దాన్ని మళ్లీ పట్టాలెక్కించి, వెనక్కి తెచ్చి, తర్వాత పేల్చారు. ఆ రాత్రి యూనిట్‌లో ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో!

నటుల గొడవలు వేరు. ఖైదీల పెద్ద కల్నల్ నికల్సన్ వేషం ఎలెక్ గిన్నెస్ మొదట వద్దన్నాడు, ఒప్పుకున్నాక లీన్‌తో పేచీలు పడ్డాడు. రేకుల గదిలోంచి బయటికొచ్చి, కాళ్లు తేలిపోతున్నా తల దించకుండా నడిచే సీనుంది చూడండి, ఆ నడక పోలియో నుంచి కోలుకుంటున్న తన కొడుకు మాథ్యూ దగ్గర పట్టుకున్నాడు. ఆస్కార్ అతనికే వచ్చింది. క్యాంపు అధికారి సైటోగా సెస్యూ హయకావా, మూకీల కాలంలోనే హాలీవుడ్ స్టారు. స్క్రీన్‌ప్లే ఆస్కార్ కథ అన్నిటికంటే ఘోరం. రాసిన కార్ల్ ఫోర్‌మన్, మైకేల్ విల్సన్ కమ్యూనిస్టు ముద్రతో బ్లాక్‌లిస్టులో, అంటే పని ఇవ్వకూడదన్న జాబితాలో, ఉన్నారని, ఫ్రెంచ్‌లో నవల రాసిన పియర్ బూల్‌కి ఇచ్చేశారు. అసలు వాళ్లిద్దరికీ దక్కింది చచ్చిపోయాకే.

ఆ బూల్ యుద్ధానికి ముందు మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, రబ్బరు తోటల్లో ఇంజనీరు. నాకు గుచ్చుకునేది ఇక్కడే. జపాన్ వాళ్లు 1942, 43లలో థాయిలాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలు లైను వేయించినప్పుడు, యుద్ధఖైదీలు 12,000 మందికి పైగా పోయారు. ఆసియా కూలీలు ఇంచుమించు 90,000 మంది పోయారని అంచనా. వాళ్లలో చాలామందిని మలయా తోటల నుంచే పట్టుకెళ్లారు. ఆ తోటల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉండేవారు. బూల్ రోజూ చూసిన మనుషులు. సినిమా గొడవంతా మాత్రం ఆఫీసర్లు ఒళ్లు వంచి పని చెయ్యాలా వద్దా అన్నదే. రెండు గంటల నలభై నిమిషాల సినిమాలో ఆ కూలీల జాడ లేదు. నాకిష్టమైన సినిమా, ఇప్పటికీ చూస్తాను. కానీ ఆ లెక్క చదివాక క్యాంపు సీనుల్లో వెనకాల ఎవరున్నారా అని వెతుకుతుంటాను.

రాఫ్టింగ్ కుర్రాళ్లు హెల్మెట్లతో కేకలు వేస్తూ పోతుంటే పైకెక్కి మళ్లీ హట్టన్ బస్సు పట్టాను. పక్క సీట్లో టీ తోటలో పనిచేసే తమిళావిడ, ఒళ్లో కూరల సంచి. నా తిరుపతి తమిళం సరిపోయింది.

"ఏం చూశావు తమ్ముడూ?"

"సినిమా వంతెన అక్కా."

"అది లేదుగా! డబ్బులు తీసుకున్నాడా?"

"వెయ్యి."

సంచి కిందపడేలా నవ్వింది. తర్వాత కథ అడిగింది. చెప్పాను, మలయా కూలీల సంగతి కూడా. "మరి సినిమాలో మనవాళ్లెవరైనా ఉన్నారా?"

గుర్తు చేసుకున్నాను. వంతెన పేల్చడానికి అడవిలో వెళ్లే దళం వెంట థాయి అమ్మాయిలుంటారు. "సామాన్లు మోసే ఆడపిల్లలున్నారు అక్కా."

"మోయడానికైతే ఉంటాంలే" అని సంచి భుజానికెత్తుకుని గినిగత్‌హేనలో దిగిపోయింది. కండక్టరు నాకివ్వాల్సిన చిల్లర మాత్రం హట్టన్ దాకా ఇవ్వలేదు.