మటన్‌లో రెడ్ వైన్, రాత్రి రెండింటికి అలారం

నిన్న ఆదివారం మా అప్ప కొడుకు వచ్చాడు సోంపేట నుంచి, క్రూయిజ్ షిప్పులో వంటవాడిగా చేస్తాడు వాడు, ఏడెనిమిది నెలలు సముద్రం మీదే, సెలవుకొస్తే శ్రీకాకుళంలో మా ఇంటికి ఒక పూటైనా రాకుండా వెళ్ళడు. ఈసారి సంచిలోంచి టవల్‌లో చుట్టిన రెడ్ వైన్ సీసా తీసి టేబుల్ మీద పెట్టి, మావయ్యా ఈ రోజు మటన్ నేనొండుతాను, అత్త రెస్ట్ తీసుకోవాలి అన్నాడు. ఫ్రాన్సులో బర్గండీ వైపు గొడ్డుమాంసంతో చేసే కూరట, షిప్పులో వందల ప్లేట్లు చేసుంటానంటాడు, మనకి మటన్‌తో చేస్తాడట.

నాకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, పొద్దున్న గ్లిమిపిరైడ్ ఒక మిల్లీగ్రాము. వాడికీ తెలుసు, అందుకే ముందే ఫోన్ చూపించాడు, రెడ్ వైన్ షుగర్ వాళ్ళకి మంచిదట మావయ్యా, రిసెర్చ్ చేశారు అని. ఆ రిసెర్చ్ గురించి నేను ఇంతకు ముందే చదివాను. ఇజ్రాయెల్లో చేసింది, 2015లో వచ్చింది, టైప్ 2 షుగరున్న 224 మందిని మూడు జట్లు చేసి రెండేళ్ళ పాటు రోజూ రాత్రి భోజనంతో 150 మిల్లీలీటర్లు ఒకరికి రెడ్ వైన్, ఒకరికి వైట్ వైన్, ఒకరికి మినరల్ వాటర్ ఇచ్చారు. రెడ్ వైన్ వాళ్ళకి మంచి కొలెస్ట్రాల్ కాస్త పెరిగింది, నిజమే. కానీ వాళ్ళు షుగర్ అదుపులో ఉన్నవాళ్ళు, కొలిచి ఇచ్చిన గ్లాసు, అదీ భోజనంతోనే. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే ఇంత తాగితే ప్రమాదం లేదని చెప్పగలిగే మోతాదే మద్యానికి లేదని చెప్పేసింది. నన్ను చూసే డాక్టరుగారు కూడా తాగని మనిషి షుగర్ కోసమని మొదలెట్టకూడదు అన్నారు, ఆ మాట నాకు గట్టిగా పట్టుకుంది.

అందరూ భయపడేది వైన్‌లో తీపి గురించి. తీపి లేని రెడ్ వైన్ 150 మిల్లీలీటర్లలో పిండిపదార్థం మొత్తం నాలుగు గ్రాములకి అటూ ఇటూ, ఒక కప్పు అన్నంలో దాదాపు 45 గ్రాములు. పోర్ట్ లాంటి తీపి వైన్ల లెక్క వేరు, వాటి జోలికి అసలు పోకూడదు. నా భయం షుగర్ పెరగడం గురించి కాదు, పడిపోవడం గురించి, అది ఒకసారి నా ఒంటి మీదే జరిగింది.

ఆరేళ్ళ క్రితం ఆమదాలవలసలో పెళ్ళి, మేడ మీద చుట్టాలతో కూర్చుని రెండు పెగ్గులు విస్కీ తాగాను. అన్నం తింటే షుగర్ పెరుగుతుందని, పెద్ద జాగ్రత్త పడుతున్నాననుకుని అన్నం ముట్టకుండా చికెన్ ముక్కలూ వేయించిన పల్లీలూ తిని ఊరుకున్నాను, అప్పట్లో రాత్రి కూడా గ్లిమిపిరైడ్ ఉండేది, అదీ వేసేసుకుని పడుకున్నాను. రెండున్నరకి బనియన్ పిండితే నీళ్ళు కారేంత చెమట, చేతులు వణుకు, మాట ముద్దముద్దగా వస్తోంది, పక్కనున్నవాళ్ళు బాగా ఎక్కేసిందిలే పడుకోబెట్టండి అంటున్నారు, అది వినపడుతోంది కానీ నేను జవాబివ్వలేకపోతున్నాను. మా ఆవిడ ఎవరి మాటా వినలేదు, బ్యాగులోంచి మీటర్ తీసి వేలు పొడిచింది, 48. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి నా తల ఎత్తిపెట్టి పట్టించింది, పావుగంట తర్వాత 79. మీటర్ లేకపోతే తాగి పడిపోయాడనుకుని తెల్లారేదాకా అలాగే వదిలేసేవాళ్ళు. లో షుగర్‌కీ మత్తుకీ పైకి కనిపించే తేడా ఏమీ లేదు.

ఎందుకలా అయిందో తర్వాత డాక్టరుగారు చెప్పారు. మనం తినని గంటల్లో లివర్ కొత్తగా గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదుల్తూ ఉంటుంది, ఆల్కహాల్ లోపలికెళ్తే లివర్ ముందు దాన్ని వదిలించుకునే పనిలో పడిపోయి ఈ పని పక్కనపెడుతుంది. గ్లిమిపిరైడ్ మాత్రం మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. తాగిన గంటకే కాదు, తెల్లారిన తర్వాత కూడా పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ ఎక్కువ తాగితే లాక్టిక్ యాసిడ్ పేరుకునే ప్రమాదం, కిడ్నీలు బాగా లేకపోతే అది ఇంకా ఎక్కువ. మాది ఉద్దానం వైపు, కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు, నేను ఆర్నెల్లకోసారి క్రియాటినిన్, అదే కిడ్నీల రక్తపరీక్ష, చూపించుకోకుండా ఉండను.

ఇదంతా చెప్తే వాడు శ్రద్ధగా విన్నాడు, అయితే కూరలో భయం లేదు మావయ్యా, మరిగితే ఆల్కహాల్ మొత్తం ఎగిరిపోతుంది అన్నాడు. అదీ పూర్తిగా నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో పావుగంట ఉడికితే ఇంకా 40 శాతం ఉంటుంది, గంటకి 25, రెండు గంటలకి 10. ఇరుకు గిన్నెలో పోసి మూత పెట్టేస్తే ఇంకా నెమ్మది. అందుకే కుక్కర్ వద్దన్నాను, వెడల్పాటి దళసరి గిన్నె, సన్న సెగ, మూత వారగా, రెండు గంటలకి తగ్గకూడదు.

సాయంత్రం అయిదింటికి మొదలెట్టాడు. కిలో మటన్ తడి లేకుండా గుడ్డతో అద్ది, నూనెలో కొన్ని కొన్ని ముక్కలుగా ఎర్రగా వేయించాడు, అన్నీ ఒకేసారి వేస్తే నీరొదిలేస్తాయట. తర్వాత ఉల్లిపాయలు, వెల్లుల్లి, క్యారెట్, బిరియానీ ఆకు, మిరియాలు. సగం సీసా పోసేసరికి గిన్నెలో సుయ్‌మని ఆవిరి లేచి ముక్కు ఘాటెక్కింది, అడుగున అంటుకున్న నల్లటి చెక్కంతా గరిటెతో గీకితే ఊడొచ్చి రసంలో కలిసింది, ముక్కలు నేరేడుపళ్ళ రంగుకి తిరిగాయి. పులుపు విరగడానికి రెండు చెంచాల పంచదార, చిక్కదనానికి మైదా వెయ్యబోతే ఆపాను. ఉల్లిపాయ నెమ్మదిగా వేగితే ఆ తీపి చాలు, రసం మరిగి మరిగి అదే చిక్కబడుతుంది. కూరలో పిండిపదార్థం పెరిగేది అక్కడే, వైన్ దగ్గర కాదు.

అమ్మ వరండాలోంచి, ఓరి నాయినా ఆ సారా వాసనేట్రా ఇంట్లో, నానొల్లను, నాకు పప్పుచారు చాలు అంది. అమ్మకీ మా పాపకీ విడిగా వైన్ లేకుండా చేయించాను. సగం సీసాలో ఆల్కహాల్ 50 మిల్లీలీటర్లు ఉంటే రెండు గంటల తర్వాత మిగిలేది అయిదు అటూ ఇటూ, నలుగురం తింటే నా వాటా చెంచాడు కూడా కాదు, అది నాకు భయం లేదు. పదేళ్ళ పిల్లకి ఆ కాస్తయినా ఎందుకు.

భోజనానికి ముందు చూసుకుంటే 142. రెండు చోడి (రాగి) రొట్టెలు, అరకప్పు అన్నం, కూర, దోసకాయ ముక్కలు. సగం తిన్నాకే వాడు పోసిన 100 మిల్లీలీటర్లు ముట్టుకున్నాను, అది కూడా బియ్యం కొలిచే కప్పుతో కొలిపించాను, చాలా ఏళ్ళ తర్వాత. మొదటి గుక్కకే నాలుక పట్టేసినట్టయింది, చిన్నప్పుడు జీడితోటలో జీడిపండు కొరికితే గొంతు దగ్గర పట్టుకునే వగరు ఉంటుందే, అచ్చం అదే. తాగుతుంటే తాటికల్లు ముంత పట్టుకుని అరుగు మీద కూర్చునే మా నాన్న గుర్తొచ్చాడు. సగం తాగి చాలన్నాను. మటన్ మాత్రం ఎంత బాగుందో, మసాలా ఏమీ లేకుండా అంత లోతైన రుచి వస్తుందని అనుకోలేదు.

రెండు గంటల తర్వాత 168. పదకొండింటికి 133. రెండింటికి అలారం పెట్టుకుని, మంచం పక్కన పంచదార డబ్బా, నీళ్ళ సీసా పెట్టుకుని పడుకున్నాను.

అలారం మోగకముందే మెలకువ వచ్చింది. మా ఆవిడ అప్పటికే లైటేసి మంచం అంచున కూర్చుని మీటర్‌లో స్ట్రిప్ పెట్టి పట్టుకునుంది, నా వేలు తన చేతిలోనే ఉంది. 108. ఏమీ అనలేదు, దూదితో వేలు అద్ది, చెయ్యి కాసేపు వదలకుండా అలాగే పట్టుకుని, తర్వాత లైటార్పింది.

ఇవాళ పొద్దున్న పరగడుపున 99. నాకు మామూలుగా 120 దగ్గరుంటుంది, మరి అది ఆ అరగ్లాసు వల్లో, అన్నం తగ్గించినందుకో ఒక్క రోజుతో తేలదు, నోట్‌బుక్‌లో అంకె పక్కన వైన్ అని రాసి పెట్టాను. మిగిలిన వైన్ మా ఆవిడ ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్లో పెట్టేసింది, ఇంకోసారి కూరకి పనికొస్తుందని. మేనల్లుడు బస్సెక్కాక మెసేజ్ పెట్టాడు, పొద్దున్న ఎంతొచ్చింది మావయ్యా అని.