టికెట్టు మాదే అనే ఏజెంటు, విజిట్ వీసా

గుంటూరు మిర్చి యార్డుకి వేసవి సెలవులిస్తే తొడిమలు తీసే ఆడవాళ్లకి పని ఉండదు, వడ్డీ మాత్రం ఆగదు. అప్పుడే "దుబాయ్‌లో ఇంటిపని, టికెట్టు కూడా మాదే, నువ్వు రూపాయి కట్టక్కర్లేదు" అనే మాట బాగా చెవికెక్కుతుంది.

అసలు అనుమానించాల్సింది ఆ రూపాయి కట్టక్కర్లేదన్న మాటనే. ఆ డబ్బు అక్కడి యజమాని దగ్గర ముందే తీసుకుంటారు. ఆయన లెక్కలో మనిషిని కొన్నట్టే. పాస్‌పోర్టు బీరువాలోకి పోతుంది. పని మానేస్తానంటే "నేను కట్టింది కట్టి వెళ్లు" అంటాడు.

పదో తరగతి పాసవని వాళ్లకి మామూలుగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి అనే) పాస్‌పోర్టు వస్తుంది. దానితో గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు, అంటే పనికి వెళ్లడానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి, కావాలి. ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. మన రాష్ట్రంలో ఇందుకు ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది. సక్రమంగా వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా కూడా ఉంటుంది. ఇదంతా తప్పించుకోవడానికే ఏజెంటు విజిట్ వీసా తీస్తాడు. చుట్టపుచూపుకి వెళ్లేవాళ్లకి క్లియరెన్సు అడగరు మరి.

కాబట్టి వీసా కాగితం చేతికి రాగానే జీతం సంగతి పక్కనపెట్టి, అది ఏ రకం వీసానో చూడండి. విజిట్, టూరిస్ట్ అని ఉంటే అక్కడితో ఆపేయాలి. "వెళ్లాక మార్పిస్తాం" అన్నది నమ్మొద్దు. యూఏఈలో 2022 నాటి చట్టం ఇంటిపనివాళ్లకి రోజుకి 12 గంటల విశ్రాంతి, వారానికో సెలవు ఇవ్వాలంటుంది, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండాలంటుంది. అవన్నీ వర్క్ పర్మిట్టు, కాంట్రాక్టు మీద నిలబడే హక్కులు. విజిట్ వీసా మీద వెళ్లిన మనిషికి ఆ రెండూ ఉండవు. పైగా గడువు దాటితే రోజుకి 50 దిర్హామ్‌ల జరిమానా, అంటే 90 రోజులకి 4,500. దెబ్బలు తిన్న మనిషే పోలీసులంటే భయపడేది ఇందుకే.

ఇక్కడ స్టేషన్‌కి వెళ్తే "ఇష్టపడే వెళ్లింది కదమ్మా" అంటారు, లేదా చీటింగ్ కేసు రాసి పంపిస్తారు. మనుషుల అక్రమ రవాణాకి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ వేయమని గట్టిగా అడగాలి. మోసం చేసో, ఆశపెట్టో దోపిడీ కోసం తరలిస్తే బాధితురాలి సమ్మతి లెక్కలోకి రాదని అందులోనే ఉంది. శిక్ష 7 ఏళ్లకి తగ్గదు, ఒకరికి మించి తరలిస్తే 10 ఏళ్లకి తగ్గదు. 2000 నాటి ఐక్యరాజ్యసమితి పలెర్మో ప్రోటోకాల్ చెప్పేదీ అదే, 2011లో మన దేశం దాన్ని ఆమోదించింది. మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పనిలేకుండా రాసే ఎఫ్‌ఐఆర్, అడగండి. అది ఏ స్టేషన్‌లోనైనా రాయాల్సిందే.

విదేశాల్లో చిక్కుకున్నవాళ్ల కోసం విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఇంట్లోవాళ్లే ఫిర్యాదు పెట్టొచ్చు. దానికి పాస్‌పోర్టు నంబరు కావాలి. చాలా ఇళ్లలో కనీసం జిరాక్సు కూడా ఉండదు, అంతా ఏజెంటు దగ్గరే. బయల్దేరే ముందే పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, టికెట్టు ఫొటో తీసి పెట్టుకోండి. ఏజెంటు వాయిస్ మెసేజీలు ఇంకో ఫోన్‌కి పంపించండి, వాడు తర్వాత డిలీట్ చేస్తాడు. ఇంకొకటి, దుబాయ్‌లో ఇంటి ద్వారం దగ్గర మకానీ అని పది అంకెల నంబరు పలక ఉంటుంది. చేరిన రోజే, ఫోన్ లాక్కోకముందే, ఆ పలక ఫొటో ఇంటికి పంపమని చెప్పండి.