ఫార్మసిస్టుని నేనే అని నమ్మించడానికి నెల పట్టింది: మందుల షాపు లైసెన్సు, నా అనుభవం

సోమవారం లైసెన్సు చేతికొచ్చింది. రిటైల్‌గా మందులు అమ్మడానికిచ్చే ఫారం 20, ఫారం 21, రెండూ నా పేరు మీదే. నిన్న షాపు తెరిచాం. కోపం ఇంకా చల్లారలేదు, చల్లారకముందే రాసేస్తున్నాను.

నేను బి.ఫార్మసీ చేశాను. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి ఫార్మసీలో పదకొండేళ్లు పనిచేశాను. అత్తయ్యగారికి ఒంట్లో బాగుండక గోదావరి పక్కనున్న మా ఊరికి వచ్చేశాం. ఇక్కడే సొంత షాపు పెట్టుకుందామనుకున్నాను.

కాగితాల పని తేలికే. ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇటు మార్పించుకోవడం, అద్దె అగ్రిమెంటు, షాపు ప్లాను, ఫ్రిజ్ బిల్లు, అఫిడవిట్లు, చలానా... వారంలో అయిపోయాయి. ఒక్క మాట మాత్రం చెప్తాను. అడ్వాన్సు ఇచ్చేముందు టేపు పట్టుకెళ్లి గది లోపలి కొలత మీరే తీసుకోండి. రిటైల్ షాపుకి కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి, అంటే దాదాపు 108 చదరపు అడుగులు. ఓనర్లు చెప్పే అడుగుల్లో గోడలు, అరుగు, మెట్లు అన్నీ కలిసే ఉంటాయి. నేను మొదట చూసిన గది 120 అన్నారు. లోపల కొలిస్తే 96 వచ్చింది.

ఇక ఇన్‌స్పెక్షన్. ఉదయం పదింటికి వస్తామన్నవాళ్లు సాయంత్రం నాలుగింటికి వచ్చారు. నేను తెల్ల కోటు వేసుకుని, పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న బ్యాడ్జి పెట్టుకుని కౌంటరు వెనకాల నిలబడి ఉన్నాను. వచ్చిన డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు నన్ను దాటి మావారి వైపు తిరిగి, "ఫార్మసిస్టు ఎవరండీ?" అన్నాడు. మావారు స్కూలు టీచరు. ఆ రోజు సగం సెలవు పెట్టి నాకు తోడుగా వచ్చారంతే. "ఈవిడేనండి" అన్నారు. "సర్టిఫికెట్ ఈవిడది, సరే. షాపులో కూర్చునేదెవరు?" "ఈవిడే కూర్చుంటుంది సార్." "అందరూ అలాగే చెప్తారు లెండి."

కొలతలూ, ఫ్రిజ్జూ, కరెంటు మీటరూ అన్నీ మావారినే అడిగాడు. నేను జవాబు చెబుతుంటే రాసుకోవడం ఆపి, మావారు చెప్పాకే రాసుకున్నాడు. పోతూ పోతూ, పాత ఆస్పత్రి రిలీవింగ్ లెటరు తీసుకుని ఆఫీసుకి రమ్మన్నాడు.

ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్లాను. రెండుసార్లు సార్ లేరు. మూడోసారి వరండాలో బల్ల మీద మూడు గంటలు కూర్చోబెట్టారు. అక్కడి గుమస్తా, "రోజంతా షాపులో ఉంటే పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా?" అని అందరి ముందూ అడిగాడు. నాతోపాటు అదే బల్ల మీద కూర్చున్న మగవాళ్లని ఎవరూ అలా అడగలేదు. నాలుగోసారి లోపలికి పిలిచి పరీక్ష పెట్టినట్టు అడిగారు. ఇన్సులిన్ ఎంతలో పెట్టాలి? 2 నుంచి 8 డిగ్రీలు. షెడ్యూల్ హెచ్1 మందులకి (డాక్టరు చీటీ ఉంటేనే, లెక్క రాసి మరీ ఇవ్వాల్సినవి) ఏం రాయాలి? డాక్టరు పేరు, అడ్రసు, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టరులో రాసి, మూడేళ్లు దాచాలి. ఒక్క దానికీ తడుముకోలేదు. ఆ ప్రశ్నలు మా షాపులోనే, నా మొహం చూసి అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది.

వాళ్ల అనుమానానికి కారణం నాకు తెలుసు. సర్టిఫికెట్ అద్దెకివ్వడం మన దగ్గర పెద్ద రహస్యమేం కాదు. గోడ మీద ఒకరి పేరుంటుంది, మందులిచ్చేది ఇంకొకరు. నాతో చదివినవాళ్లలోనే అలా ఇచ్చినవాళ్లున్నారు, వాళ్లతో నేను మాట్లాడటం మానేశాను. ఆస్పత్రిలో ఉండగా కీళ్లవాతం ఉన్న ఒక పెద్దావిడని తీసుకొచ్చారు. వారానికొకసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ని రోజూ వేసుకోమని షాపులో చెప్పారట. నోరంతా పుండ్లు, మంచినీళ్లు కూడా మింగలేకపోతోంది. చీటీలో వారానికొకటి అని స్పష్టంగానే ఉంది. చదివి చెప్పే మనిషే ఆ షాపులో లేడు. ఫార్మసిస్టు స్వయంగా దగ్గరుండి మందులివ్వాలని రూలు పెట్టింది ఇందుకే. అద్దె సర్టిఫికెట్లని పట్టుకోవాలంటే ఏ మధ్యాహ్నమో చెప్పకుండా షాపుకి వెళ్లి చూడాలి. ఉన్న మనిషిని వరండాలో కూర్చోబెడితే దొరకరు.

ఇంకొకటి చెప్పాలి. అప్లికేషన్ పెట్టిన రెండో వారంలోనే ఒక యాప్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, లైసెన్సు రాగానే నంబరు ఇవ్వండి చాలు. స్టాకు మాది, ప్యాకింగ్ మాది. నెలనెలా మీ అకౌంట్లో డబ్బు పడుతుంది." మందులు వేరే జిల్లా గోడౌన్ నుంచి వెళ్తాయట, బిల్లు మాత్రం నా షాపు పేరు మీద. చీటీ లేకపోతే వాళ్ల డాక్టరు ఫోన్లో మాట్లాడి పంపిస్తాడట. నమూనా చీటీ వాట్సాప్‌లో పెట్టమన్నాను. అందులో డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు లేదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం అది ఉండి తీరాలి. అదే నెలలో ఇంటికి మందులు పంపొచ్చని కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు కూడా చదివాను. లైసెన్సున్న షాపు తన రెవెన్యూ జిల్లా లోపలే పంపాలని అందులో ఉంది. ఆన్‌లైన్ ఫార్మసీలకని 2018లో ముసాయిదా రూల్స్ వచ్చాయి గానీ, అవి ముసాయిదాగానే ఆగిపోయాయి. ఆ సందులోనే ఇలాంటి ఫోన్లు వస్తున్నాయి. గోడకి తగిలించే సర్టిఫికెట్‌ని అద్దెకివ్వడం, యాప్‌కి నంబరు ఇవ్వడం రెండూ ఒకటే. కుదరదని చెప్పి పెట్టేశాను. కొత్తగా షాపు పెట్టేవాళ్లకి ఈ ఫోను తప్పకుండా వస్తుంది. ఆ బిల్లు మీద ఉండేది మీ పేరు. రేపు ఎవరికైనా ఏమైనా అయితే అడిగేది మిమ్మల్నే.

నిన్న ఉదయం మొదటి బిల్లు మా వీధి పెద్దాయనది, బీపీ మాత్రలు. "డాక్టరమ్మా" అన్నాడు. "ఫార్మసిస్టుని బాబాయ్" అన్నాను. సాయంత్రం ఒకబ్బాయి వచ్చి సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ ఒక స్ట్రిప్పు అడిగాడు. అది హెచ్1, చీటీ కావాలన్నాను. లేదన్నాడు. జ్వరం ఎన్ని రోజులనుంచో అడిగి, డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పి పంపాను. అతను రోడ్డు దాటి ఎదురుగా ఉన్న షాపులోకి వెళ్లాడు. గీతలు గీసి పెట్టుకున్న హెచ్1 రిజిస్టరులో మొదటి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.