కరెంటు రాగానే తనంతట తానే ఆన్ అయ్యే మోటారు: నా అనుభవం

సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్లెక్కించే 1 హెచ్‌పీ మోటారు ఆటోమేషన్ నిన్నటితో కుదురుకుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో హోమ్ అసిస్టెంట్ (ఇంటి పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్), మస్కిటో బ్రోకర్ (పరికరాల మధ్య సందేశాలు చేరవేసేది) ఎక్కించడం ఒక పూట పని. మోటారును ఆన్, ఆఫ్ చేసే ఈఎస్‌పీ32 వైఫై బోర్డుకు ప్రోగ్రామ్ ఇంకో పూట.

బోర్డు ఆజ్ఞతో పనిచేసే స్విచ్, అంటే 10 ఆంపియర్ల చిన్న రిలేకు మోటారును నేరుగా తగిలించకండి. స్టార్టయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది, కాంటాక్టులు అతుక్కుపోతాయి. రిలే, కాంటాక్టరు (ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్) కాయిల్‌ను నడపాలి, కాంటాక్టరు మోటారును నడపాలి.

వారం రోజులు తిప్పలు పెట్టింది వేరే. రాత్రి కరెంటు పోయి వస్తే చాలు, ఎవరూ నొక్కకుండానే మోటారు ఆన్. ట్యాంకు పొంగి పక్కింటి గోడ తడిసింది, మాట పడ్డాను. రిలే పోయిందన్నాడు ఎలక్ట్రీషియన్. రెండు మార్చినా అంతే.

చివరికి బ్రోకర్ గుండా పోయే సందేశాలను చూపే మస్కిటో సబ్‌తో అన్ని టాపిక్‌లూ (సందేశాలు వెళ్లే చిరునామాలు) వింటే దొరికింది. ‘ఆన్’ ఆజ్ఞను రిటైన్ పెట్టి పంపుతున్నాను. అలా పంపిన చివరి సందేశాన్ని బ్రోకర్ దాచుకుని, ఆ టాపిక్‌కు కొత్తగా సబ్‌స్క్రైబ్ చేసిన వాళ్లకు వెంటనే అందిస్తుంది, కరెంటు వచ్చి మళ్లీ కలిసిన బోర్డుకు కూడా. ట్యాంకు నిండితే బోర్డు తనే మోటారు ఆపేది, ‘ఆఫ్’ అని ఆ టాపిక్‌లో రాసేది కాదు. బ్రోకర్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై ఇన్వర్టరు మీద ఉంది కనుక పాత ‘ఆన్’ చెక్కుచెదరలేదు. పైగా ట్యాంకు నిండిందో లేదో చెప్పే ఫ్లోట్ స్విచ్ స్థితి మారినప్పుడే చూసేలా రాశాను. అప్పటికే నిండి ఉన్న ట్యాంకులో మారేదేముంది?

రిటైన్ టిక్ పెట్టమని చెప్పే వీడియోల వాళ్లు ఎందుకో కూడా చెప్పాలి. ఆజ్ఞకు రిటైన్ వద్దు, స్థితికి ఉండాలి. బోర్డు తెగిపోతే ‘ఆఫ్‌లైన్’ అని బ్రోకరే ప్రకటించేలా లాస్ట్ విల్ కూడా పెట్టండి. పాత ఆజ్ఞను చెరపడానికి అదే టాపిక్‌కు రిటైన్‌తో ఖాళీ సందేశం పంపాలి.

ఇప్పుడు ఫ్లోట్‌ను ప్రతి సెకనూ చూస్తుంది. 25 నిమిషాలు దాటితే బోర్డే ఆపేస్తుంది, వైఫై ఉన్నా లేకున్నా. 250 వోల్టుల రేటింగు ఉన్న మరో కేబుల్ ఫ్లోట్‌ను కాంటాక్టరు కాయిల్‌కు సిరీస్‌లో వేయించాను, ప్రోగ్రామ్ బిగుసుకుపోయినా అది ఆపుతుంది. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) తప్పనిసరి.

టాపిక్ పేర్లు ఇల్లు/సంపు/ఆజ్ఞ, ఇల్లు/సంపు/స్థితి అని విడివిడిగా ఉండడం వల్ల బోరు మోటారు చేర్చేటప్పుడు పాత కోడ్‌లో ఒక్క వరుస కూడా ముట్టుకోలేదు.

ట్యాంకు నిండుగా ఉంచి బోర్డు ఎంసీబీని ఇరవై సార్లు దించి ఎత్తాను. మోటారు ఒక్కసారీ కదల్లేదు.