నిండు బిందెకి నాలుగు చేతులు

కనిగిరి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను డ్రాయింగ్ టీచర్‌ని. ఏటా అక్టోబర్‌లో టౌన్ నుంచి లయన్స్ క్లబ్ వాళ్లు పీస్ పోస్టర్ పోటీ కిట్ పట్టుకుని మా స్కూల్‌కి వస్తారు. 1988 నుంచి నడుస్తున్న పోటీ ఇది. స్కూల్లో గెలిచిన ఒక్క బొమ్మ లయన్స్ క్లబ్బుల డిస్ట్రిక్ట్‌కి వెళ్తుంది, అక్కడ నెగ్గితే కొన్ని డిస్ట్రిక్ట్‌లు కలిసిన మల్టిపుల్ డిస్ట్రిక్ట్‌కి, ఆ తర్వాత అంతర్జాతీయ స్థాయికి. ఆఖరికి మిగిలేవి 24 బొమ్మలు. అందులో ఒకదానికి 5,000 డాలర్ల గ్రాండ్ ప్రైజ్. ఆ మాట వినగానే పిల్లలు రూపాయల్లో ఎంతో లెక్క కట్టేస్తారు.

నాకు మాత్రం ఈ పోటీలో బాగా నచ్చింది ఒక నియమం. బొమ్మ మీద ఒక్క అక్షరం గానీ అంకె గానీ ఉండకూడదు. ఆ సంగతి నేను కష్టపడి నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక పిల్లాడు చక్కగా వేసిన బొమ్మ కింద ‘శాంతి’ అని నేనే రాయించాను. నియమాలు పూర్తిగా చదవలేదు. బొమ్మని పక్కన పెట్టేశారు. ‘మీరే కదా టీచర్, రాయమన్నారు’ అని వాడు అన్న మాట ఇప్పటికీ గుర్తొస్తుంది. అప్పటి నుంచి ముందు నియమాలు చదివి వినిపించాకే రంగులు తీయిస్తున్నాను. నవంబర్ 15 నాటికి వయసు 11, 12, 13లో ఏదో ఒకటై ఉండాలి. ఇక్కడొక చిక్కుంది. మా పిల్లల్లో కొందరికి స్కూల్ రికార్డులో ఉన్న పుట్టినరోజు వేరు, అసలు పుట్టినరోజు వేరు. దాంతో బాగా వేసే పిల్లలు ఒకరిద్దరు ఏటా ఆగిపోతారు. కాగితం సైజు 13 బై 20 అంగుళాలకి తగ్గకూడదు, 20 బై 24 దాటకూడదు. 22 బై 30 ఫుల్ షీట్‌ని సగానికి కోస్తే సరిపోతుంది.

ఇక బొమ్మలు. ప్రతి ఏడూ ఒకటే వరస. భూగోళం, చుట్టూ చేతులు పట్టుకున్న పిల్లలు, పైన పావురం, దాని నోట్లో ఆలివ్ కొమ్మ. మా వైపు ఆలివ్ చెట్టు చూసినవాళ్లు ఎవరున్నారు? ఫోన్లో చూసి దించుతారు. పిల్లల తప్పేం లేదు, శాంతి గురించి మనం వాళ్లకి చూపించింది అదే.

అందుకే 2025లో క్లబ్ వాళ్లని ఒకటి అడిగాను. కిట్ తర్వాత తెద్దురుగాని, సెప్టెంబర్‌లోనే ఒకసారి వచ్చి పిల్లల దగ్గర ఒక గంట కూర్చోండి అని. బ్యాంకులో చేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చారు. మైక్ వద్దన్నారు, పిల్లలతో పాటు వరండాలో కింద కూర్చున్నారు. ‘మీ బజార్లో జరిగిన గొడవ ఒకటి చెప్పండి. పేర్లు వద్దు. అది ఎలా ఆగిందో కూడా చెప్పాలి’ అన్నారు.

గొడవలు బోలెడు వచ్చాయి. చేలో పడ్డ మేకలు, వినాయకుడి ఊరేగింపులో డీజే, విరిగిన బ్యాట్. ప్రతి గొడవా ఎలా మొదలైందో పూసగుచ్చినట్టు చెప్పారు. ఎలా ఆగిందని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఏడో తరగతి అమ్మాయి ఒకతి చెయ్యెత్తింది. ‘ఎండాకాలం సంగతి చెప్పొచ్చా తాతగారూ?’ అంది. ట్యాంకర్ దగ్గర వరసలో బిందె జరిపారని వాళ్లమ్మకీ ఎదురింటావిడకీ పెద్ద రభస అయిందట. ఎవరి బిందె ఎవరు ముట్టుకోవచ్చన్న లెక్క ఇంకా పూర్తిగా పోని ఊరు, కాబట్టి మాటలు చాలా దూరం వెళ్లాయి. నెల రోజులు పలకరింపుల్లేవు. ఒకరోజు అందరూ వెళ్లిపోయాక వాళ్లిద్దరే మిగిలారు. నిండు బిందె నెత్తికెత్తుకోవాలంటే ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. ‘అమ్మ అడగలేదు. ఆవిడే వచ్చి చెయ్యి వేసింది. ఏం మాట్లాడుకోలేదు’ అంది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సేవా క్లబ్బుల వాళ్లందరికీ నా విన్నపం ఇదే. శాలువాలు, ఫ్లెక్సీలు తగ్గినా ఫర్వాలేదు, ఆ గంట మాత్రం ఇవ్వండి.

ఆ ఏడు పోటీ అంశం ‘టుగెదర్ యాజ్ వన్’, అంటే అందరం ఒక్కటిగా అని. ఆ పిల్ల వేసిన బొమ్మలో మొహాలే లేవు. మధ్యలో నారింజ రంగు ప్లాస్టిక్ బిందె, అంచు దగ్గర మైనం పెట్టి అతికిన మచ్చ. దాని కింద నాలుగు చేతులు. రెండు చేతులకి ఆకుపచ్చ మట్టి గాజులు, వాటిలో ఒక దాని మణికట్టు మీద పెనం తగిలి కాలిన గుర్తు. మిగతా రెండింటికి మెరుపు పోయిన రోల్డ్‌గోల్డ్ గాజులు. అంచు నుంచి తొణికిన నీళ్లు రెండు జతల గాజుల మీదుగానూ కారుతున్నాయి. వెనక ఎర్రమట్టి తప్ప ఇంకేం లేదు.

ఇందులో శాంతి ఎక్కడుందని ఎవరైనా అంటారేమోనని నాకు టెన్షన్‌గానే ఉంది. కానీ మా స్కూల్ నుంచి దాన్నే ఎంపిక చేశారు. డిస్ట్రిక్ట్‌లో వేరే బొమ్మ నెగ్గింది.

తర్వాత పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్లమ్మ వచ్చింది. ఫోన్లో ఫొటో తీసి చూపించాను. వేళ్లతో పెద్దది చేసి ఆ కాలిన గుర్తు దగ్గర ఆగింది. తన మణికట్టు ఒకసారి చూసుకుంది. తర్వాత రోల్డ్‌గోల్డ్ గాజుల వైపు జరిపి చాలాసేపు చూసింది.

‘ఈ ఫొటో నాకు పంపు టీచరమ్మా’ అంది. ‘ఆమెక్కూడా చూపిస్తా.’