లింకన్ మార్క్ 3: హుందాతనం చెడకుండా వేగం

1960-70ల నాటి పెద్ద లగ్జరీ కారును మజిల్ కారులా (పెద్ద ఇంజన్‌తో దూసుకుపోయే కారులా) పరుగెత్తించాలనుకునే అమెరికన్ ఔత్సాహికులలో చాలామంది, మొదట దాని ఇంజన్‌ను పెకలించి ఆ చోట జనరల్ మోటార్స్ వారి కొత్త ఎల్ఎస్ ఇంజన్‌ను బిగించే ఆలోచన చేస్తారు. ఫోర్డ్ కంపెనీకి చెందిన లగ్జరీ విభాగం లింకన్ తెచ్చిన కాంటినెంటల్ మార్క్ 3 విషయంలో ఆ పని అనవసరమని నా గట్టి నమ్మకం. మిషిగన్‌లో ఉంటూ నా 1970 మోడల్ కారుకు పని చేయిస్తున్నకొద్దీ ఆ నమ్మకం బలపడిందే తప్ప సడలలేదు.

ఫోర్డ్ ఉన్నతాధికారి లీ ఐకోకా పూనికతో రూపొందిన ఈ కారును, నాలుగు తలుపుల ఫోర్డ్ థండర్‌బర్డ్ ఛాసీ మీద, రోల్స్ రాయిస్‌ను తలపించే గ్రిల్‌తో 1968లో విడుదల చేశారు. పొడవు దాదాపు ఐదున్నర మీటర్లు, బరువు రెండు టన్నులకు పైగా, తలుపులు మాత్రం రెండే. బానెట్ కింద ఉన్నది 460 ఘనపుటంగుళాల, అంటే ఏడున్నర లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్. కంపెనీ ప్రకటించిన లెక్క 365 హార్స్‌పవర్, 500 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం). మనకు అలవాటైన కొలతలో ఆ టార్క్ సుమారు 678 న్యూటన్ మీటర్లు. ఎగ్జాస్ట్, ఎయిర్ ఫిల్టర్ వంటివి లేకుండా ఇంజన్‌ను స్టాండ్ మీద పెట్టి కొలిచిన గ్రాస్ లెక్కలివి కనుక నేటి కార్ల అంకెలతో నేరుగా పోల్చడం సరికాదు.

అసలు విషయం ఈ ఇంజన్ వంశంలో ఉంది. 1970లో ఫోర్డ్ టొరినో కోబ్రా అనే మజిల్ కారులో వచ్చిన 429 ఘనపుటంగుళాల కోబ్రా జెట్ ఇంజన్ దీనికి తోడబుట్టినదే. రెండింటికీ బోర్ (సిలిండర్ వ్యాసం) 4.36 అంగుళాలే, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) మాత్రం 429లో 3.59, 460లో 3.85. ఒకదాని సిలిండర్ హెడ్లు (సిలిండర్ల పైన వాల్వులుండే భాగాలు) రెండోదానికి అమరుతాయి. కోబ్రా జెట్‌కు పెద్ద వాల్వులతో, విశాలమైన పోర్టులతో (గాలి, పొగ వెళ్ళే దారులతో) హెడ్లు ఇచ్చారు. లింకన్‌కు నిశ్శబ్దంగా, కుదుపు లేకుండా తక్కువ వేగంలోనే బలం చూపే కూర్పు ఇచ్చారు. మజిల్ కారు గుండె ఈ కారులో మొదటి నుంచీ ఉండగా, దాన్ని తీసివేసి మరో కంపెనీ గుండెను తెచ్చి పెట్టడం నా మనసుకు ఏ మాత్రమూ నచ్చదు.

అయినా నేను ఇంజన్ జోలికి ముందుగా వెళ్ళలేదు. ఇంత బరువున్న కారుకు వేగం కంటే ముందు ఆగగల శక్తి కావాలి కనుక మొదటి ఖర్చు బ్రేకులదే: ముందున్న డిస్కులకు కొత్త క్యాలిపర్లు (డిస్కును అదిమి పట్టే భాగాలు), అంతటా కొత్త పైపులు, వెనుక డ్రమ్ముల స్థానంలో డిస్కులు.

ఆ తరువాతి ఖర్చు గేర్లది. మార్పు బాగా తెలిసివచ్చేది ఇక్కడే అయినా దీని గురించి మాట్లాడేవారు తక్కువ. ఈ కారులోని సీ6 ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు మూడే గేర్లు, వాటి నిష్పత్తులు 2.46, 1.46, 1.00 (అంకె పెద్దదైనకొద్దీ చక్రాలకు బలం ఎక్కువ, అదే వేగానికి ఇంజన్ తిరగడమూ ఎక్కువ). వెనుక ఇరుసులో ఉండే చివరి గేర్ల జత, అంటే క్రౌన్-పినియన్ నిష్పత్తి 2.80. హైవే మీద ఇంజన్ చప్పుడు వినిపించకూడదని ఎంచుకున్న నిష్పత్తి అది. అందువల్లనే సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు అంత టార్క్ ఉండి కూడా కారు పికప్ మందకొడిగా తోస్తుంది. సీ6 నుంచే అభివృద్ధి చేసి, తరువాతి కాలంలో ఫోర్డ్ ట్రక్కులలో 460 ఇంజన్‌తోనే వాడిన ఈ4ఓడీ గేర్‌బాక్స్‌కు నాలుగు గేర్లు: మొదటిది 2.71, చివరిది 0.71. దానికి తోడుగా క్రౌన్-పినియన్‌ను 3.50కి మారిస్తే, మొదటి గేరులో మొత్తం నిష్పత్తి 6.9 నుంచి 9.5కు చేరుతుంది. అంటే ఇంజన్‌లో ఒక్క నట్టు కూడా విప్పకుండా, చక్రాలకు చేరే టార్క్ మూడో వంతుకు పైగా పెరిగినట్టే. చివరి గేరులోనేమో 3.50ను 0.71తో గుణిస్తే సుమారు 2.49 వస్తుంది, అంటే హైవే మీద ఇంజన్ కంపెనీ నుంచి వచ్చినప్పటి కంటే నెమ్మదిగానే తిరుగుతుంది. వేగమూ నిశ్శబ్దమూ రెండూ ఒకే మార్పుతో లభించడం నాకెంతో సంతోషాన్నిచ్చింది. అయితే ఈ4ఓడీ ఆకారంలో పెద్దది కనుక కారు అడుగున టన్నెల్‌లో చోటును ముందే కొలుచుకోవాలి. డ్రైవ్‌షాఫ్ట్ పొడవు మార్పించాలి. గేర్లను నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోలర్‌ను విడిగా అమర్చాలి.

ఇంజన్ విషయంలో నేను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించింది క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే కడ్డీ) గురించి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే వ్యవధి ఎక్కువైతే, కారు నిలబడి ఉన్నప్పుడు మజిల్ కార్ల ప్రియులకు ఇష్టమైన ఆ దడదడ వినిపిస్తుంది కానీ ఇంజన్‌లోకి గాలి వెళ్ళే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ (గాలిని లాగే శక్తి) పడిపోతుంది. మార్క్ 3లో వ్యాక్యూమ్ పెడల్ నొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కే కాదు, హెడ్‌లైట్లను దాచే మూతలకు కూడా కావాలి. కాబట్టి పెద్ద క్యామ్ వేస్తే బ్రేక్ పెడల్ బిగుసుకుపోతుంది, హెడ్‌లైట్ మూతలు కూడా సరిగా కదలవు. ఈ కారణంతోనే నేను మధ్యస్థమైన క్యామ్‌ను ఎంచుకుని, బలం పెంచే పనిని హెడ్లకు అప్పగించాను. పాత ఇనుప హెడ్ల ఎగ్జాస్ట్ పోర్టులు ఇరుకైనవని ఈ ఇంజన్ల మీద పని చేసే ప్రతి మెకానిక్‌కూ తెలుసు. నేడు దొరికే అల్యూమినియం హెడ్లు ఆ ఇరుకును తొలగిస్తాయి, ముందు చక్రాల మీది బరువును తగ్గిస్తాయి, సీసం లేని పెట్రోలును తట్టుకునే గట్టి వాల్వ్ సీట్లతో వస్తాయి. పైగా అల్యూమినియం వేడిని త్వరగా లాగేస్తుంది కనుక, ఈ ఇంజన్‌కున్న 10.5 కంప్రెషన్‌తో (సిలిండర్‌లో మిశ్రమం నొక్కుకునే నిష్పత్తి) ఇప్పటి ప్రీమియం పెట్రోలు పోసినప్పుడు నాకింగ్ (పెట్రోలు సమయానికి ముందే పేలి కొట్టుకోవడం) భయం కొంత తగ్గుతుంది.

సస్పెన్షన్‌లో షాకబ్జార్బర్లను, రబ్బరు బుష్‌లను మార్పించి, మలుపుల్లో కారు ఒరగకుండా ముందువైపు మందమైన యాంటీ-రోల్ బార్‌ను వేయించాను. మెత్తని స్ప్రింగులను మాత్రం అలాగే ఉంచాను, ఎందుకంటే ఆ మెత్తదనం కోసమే ఈ కారును కొన్నాను. ఇక మిగిలింది వెనుక టైర్లు. రేడియల్ టైర్లు స్టాండర్డ్‌గా వచ్చిన తొలి అమెరికన్ కార్లలో ఇది ఒకటి. ఇప్పుడు పెరిగిన టార్క్‌కు అంతకంటే వెడల్పైనవి కావాలి. అయితే వాటి ఎత్తు పాతవాటితో సమానంగా ఉండాలి, లేకపోతే పైన వేసిన గేర్ల లెక్క అంతా మారిపోతుంది.